పిడికెడు బియ్యం, గ్రీకు భయం

గవర్నర్‌పేట, విజయవాడ
7-7-1974, ఆదివారం
మూడో ఉత్తరం

తమ్ముడు సొలొమోనుకు అక్క దానమ్మ రాసేది. మేమంతా దేవుని దయవల్ల బాగానే ఉన్నాం. నేను రాసిన రెండు ఉత్తరాలకూ కలిపి నువ్వు ఒక్క జవాబే రాశావు. అందుకని ఇకనుంచి ఉత్తరాలకు నంబరు వేస్తున్నాను. ఏది అందిందో, ఏది దారిలో పోయిందో తెలుస్తుంది.

నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కింద కూర్చోవద్దన్నాడు డాక్టరు. కింద కూర్చోకుండా పొయ్యి దగ్గర వంట ఎలా చేస్తారో ఆయనకు తెలియదు. జూన్ ఒకటో తారీఖు నుంచి వంట సంపూర్ణే చేస్తోంది. మీ పాస్టర్ల కాలేజీలో పెళ్ళయినవాళ్ళకు గదులు లేవు గనక నీ చదువు అయ్యేదాకా, మూడేళ్ళు, నీ భార్యను నా దగ్గర ఉంచుకుంటానన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. పిల్ల నెమ్మదైనది. కూరలు బాగా చేస్తుంది, చారులో ఉప్పు తక్కువ. మీ బావగారు ఇబ్రహీంపట్నంలో కడుతున్న కరెంటు స్టేషను స్టోర్సుకు పొద్దున్నే బస్సెక్కాలి కదా, ఆ వేళకు ఆయన క్యారియరు సిద్ధంగా ఉంటోంది. అంతవరకు వంక లేదు.

ఒక్క సంగతి మాత్రం రాయాలి. అమ్మ ఉన్నప్పటి నుంచీ మనకు పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు దేవుని కుండలో వేయాలి, క్యాలెండరులో ఆ తారీఖు కింద ఒక గీత గీయాలి. నెల కాగానే సంఘం తరఫున రాహేలమ్మ వచ్చి పట్టుకెళుతుంది. రోజుకు రెండు లెక్కన నెలకు అరవై పిడికిళ్ళు, ఎనిమిది సోలలు. కాపురానికి వచ్చిన ఇరవై నాలుగేళ్ళుగా నేను కొలిచే ఇస్తున్నాను, ఎప్పుడూ తగ్గలేదు. జూన్ నెల కుండ అయిదున్నర సోలలు వచ్చింది. క్యాలెండరులో గీతలు మాత్రం సరిగ్గా అరవై ఉన్నాయి.

రాసి పెట్టుకున్నానంతే.

నువ్వు గ్రీకు నేర్చుకుంటున్నావని చెబితే మీ బావగారు, "నేర్చుకుని ఎవరితో మాట్లాడతాడట?" అన్నారు. దానికీ జవాబు రాయి.

దానమ్మ


బెంగుళూరు
19-7-1974

అక్కయ్యా,

నీ మూడో ఉత్తరం అందింది. బావగారికి చెప్పు, మాట్లాడటానికి ఎవరూ మిగల్లేదు కాబట్టే ఇంత తీరిగ్గా నేర్చుకోగలుగుతున్నాం.

ముప్ఫై నాలుగేళ్ళకు మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కవాళ్ళంతా ఇరవై ఏళ్ళవాళ్ళు. ఈ వారం ప్రొఫెసరుగారు తలా ఒక గ్రీకు క్రియ పంచారు. ఏడాది చివరికి దాని మీద వ్యాసం రాయాలి. పక్క గది కేరళ అబ్బాయికి "ప్రేమించు" వచ్చింది, అందరికీ కాఫీ ఇప్పించాడు. నాకు "భయపడు" వచ్చింది.

దాని తమాషా విను. "ఫొబెఓ" అంటే భయపెట్టడం. అదే మాట "ఫొబూమై" అయితే భయపడటం. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళకు ఇది ఎక్కక గంటసేపు తల గోక్కున్నారు. నాకు క్షణం పట్టలేదు. భయపెట్టు, భయపడు అని మన ఇంట్లో పసిపిల్లలు కూడా అనే మాటే కదా! నేనది చెప్పగానే ప్రొఫెసరుగారు నన్ను నిలబెట్టి మెచ్చుకున్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారాయన. మనం చదివే సువార్తల్లో, అపొస్తలుల పత్రికల్లో మొదటి రూపం ఒక్కచోట కూడా రాదట. అంతటా రెండోదే. "భయపడేవాళ్ళు మాత్రమే కనిపిస్తారు. భయపెట్టినవాడు వాక్యంలోంచి తప్పుకుని పక్కన నిలబడతాడు, వాణ్ణి మనం వెతుక్కోవాలి" అన్నారు. రాత్రంతా ఆ మాటే నా తలలో తిరిగింది.

బియ్యం గురించి నువ్వు అంత పట్టించుకోకు. ఎలకలేమో చూడు. సంపూర్ణకు నేను బాగున్నానని చెప్పు. విడిగా రాయడానికి తీరిక దొరకడం లేదు.

నీ తమ్ముడు
సొలొమోను


గవర్నర్‌పేట
4-8-1974, ఆదివారం
నాలుగో ఉత్తరం

తమ్ముడికి,

ఎలకలు లేవు. కుండకు మూత ఉంది, మూత మీద రుబ్బురోలు పొత్రం ఉంది. పొత్రం ఎత్తే ఎలక ఇంకా పుట్టలేదు.

జూలై కుండ కొలిచాను. మళ్ళీ అయిదున్నర. ముప్ఫై ఒక్క రోజులు గనక గీతలు అరవై రెండు. అంటే ఆమె వేసినట్టు గీస్తోంది, కుండలో మాత్రం లేవు. దీనికి రెండే దారులు. వేయకుండా గీస్తూ ఉండాలి, లేదా వేసి తరవాత తీస్తూ ఉండాలి. రెండు రోజులు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాలుగు పూటలూ వేసింది, నా కళ్ళారా చూశాను. కాబట్టి రెండో దారే.

"సంపూర్ణా, మీ అమ్మగారికి కొండపల్లిలో బియ్యం బాగా దొరుకుతున్నాయా?" అని మాటవరసకు అడిగాను. చేతిలో గరిటె జారి కిందపడింది. "ఎందుకండీ వదినగారూ?" అంది. మామూలు మాటకు గరిటె ఎందుకు పడాలి? ఇప్పుడు నేను పిలిస్తే ఉలిక్కిపడుతోంది. పోయిన వారం గుడ్డల సబ్బు ఎంత వాడావని అడిగితే సగం అంది. చూస్తే ముప్పావు అయిపోయింది. ఇంత చిన్నదానికి అబద్ధం ఆడిన మనిషి పెద్దదానికి ఆడదని ఏముంది?

నీ ప్రొఫెసరుగారు భయపెట్టినవాణ్ణి వెతకమన్నారని రాశావు. ఆయన చదువుకున్నవారు, నేను అయిదో తరగతి. అయినా ఒక మాట చెబుతాను. తప్పు చేసినవాళ్ళను ఎవరూ భయపెట్టక్కర్లేదు, వాళ్ళంతట వాళ్ళే భయపడతారు.

ఇది నీ మనసులో పెట్టుకో. ఆమెకు రాయకు, జాగ్రత్త పడుతుంది.

దానమ్మ


బెంగుళూరు
16-8-1974

అక్కయ్యా,

ఇంటి సంగతి నీకే బాగా తెలుస్తుంది. ఇంతదూరం నుంచి నేనేమనగలను? అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. అన్నం పెట్టి, అక్షరాలు దిద్దించి నన్ను పెంచింది నువ్వు. నీ లెక్క తప్పిందని నేను ఎప్పుడూ చూడలేదు. కాని సంపూర్ణ అలాంటిదని కూడా అనుకోలేను. మనసు పాడయింది. నాలుగు పేజీలు చదివితే మూడు పేజీలు మళ్ళీ చదవాల్సి వస్తోంది.

పనిలో పడితే కాస్త నయం. మన సంఘం మాసపత్రికవాళ్ళు నా వ్యాసం వేస్తామన్నారు. మొదటి సగం, ఆరు కాగితాలు, ఈ కవర్లోనే పెట్టాను. నా అక్షరాలు కంపోజిటరుకు అర్థం కావు. నీవి అచ్చు వేసినట్టుంటాయి, శుభ్రంగా ఎత్తి రాసి పంపు. మిగతా సగం వచ్చే నెలలో పంపుతాను.

ఒక చోట నీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. సువార్తలకు కొన్ని వందల ఏళ్ళ ముందు, పాత గ్రీకు యుద్ధ గాథల్లో ఈ మాటకు అర్థం మనసులో కలిగే దడ కాదు. కాళ్ళతో పరుగెత్తడం. శత్రువును చూసి వెన్ను తిప్పి పారిపోవడం. ఆ పరుగు కొన్ని తరాలు గడిచేసరికి లోపలికి పోయి భయమై కూర్చుంది. మనిషి కదలడు, లోపల పరుగెత్తుతూనే ఉంటాడు.

సంపూర్ణను అడిగానని చెప్పు.

సొలొమోను


గవర్నర్‌పేట
8-9-1974, ఆదివారం
అయిదో ఉత్తరం

తమ్ముడికి,

నీ ఆరు కాగితాలూ ఎత్తి రాశాను. వేరే కవర్లో రిజిస్టరు చేసి పంపాను. రాస్తున్నంతసేపూ నాకు సంతోషం కలిగింది. పెళ్ళిలో పాస్టరుగారు చదివే మాట, భార్య భర్తకు భయపడి నడుచుకోవాలన్నది, నువ్వు ఎంత గట్టిగా నిలబెట్టావు! గ్రీకులో ఉన్నది అదే క్రియ అనీ, దాన్ని గౌరవమనీ మర్యాద అనీ పలచన చెయ్యకూడదనీ, భయంలేని ఇంట్లో తప్పు కాపురం చేస్తుందనీ రాశావు. నేను చెబితే వదిన సాధింపు అవుతుంది. నువ్వు చెబితే విద్య. అందుకని గురువారం కుటుంబ ప్రార్థనలో, పాట అయ్యాక, ఆ కాగితాలు నేనే పైకి చదివాను.

మీ బావగారు మధ్యలోనే కునికారు. సంపూర్ణ గోడకు ఆనుకుని కూర్చుని నేల మీద చూపు పెట్టింది. చదవడం అయ్యాక, "ఇది ఆయనే రాశారా వదినగారూ?" అని అడిగింది. "వాడి దస్తూరీ నీకు తెలియదా? చూసుకో" అని కాగితం చేతికిచ్చాను. చూసింది. తిరిగి ఇచ్చేసింది. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ మాటలు తనకు తగిలాయనే కదా అర్థం?

ఆగస్టు కుండ అయిదు సోలలే. అర సోల ఇంకా తగ్గింది. ఇక ఊరుకోలేక నిన్న అడిగేశాను.

"సంపూర్ణా, దేవుని కుండలో బియ్యం ఎక్కడికి పోతున్నాయి?"

"నేను వేస్తూనే ఉన్నానండీ."

"వేస్తున్నావు, చూశాను. ఎక్కడికి పోతున్నాయని అడుగుతున్నాను."

"నాకు తెలియదండీ."

"ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను తీయలేదు. మీ అన్నయ్యగారికి కుండ ఎక్కడుందో కూడా తెలియదు."

ఏడవలేదు. తీయని మనిషి అయితే తీయలేదని గట్టిగా అనదా? పక్కవాటా శౌరమ్మ మీద అలాంటి మాట అను, వీధి వీధంతా వినబడేటట్టు అరుస్తుంది. ఈమె గుడ్లప్పగించి నిలబడింది.

దానమ్మ


బెంగుళూరు
17-9-1974

అక్కయ్యా,

ఎంత పని చేశావు! నేను పంపింది మొదటి సగం అని రాశాను కదా. వ్యాసంలో ముందు ఎదుటివాళ్ళ వాదన ఉన్నదున్నట్టు చెప్పి, తరవాత దాన్ని ఖండించాలి. నువ్వు చదివింది ఎదుటివాళ్ళ వాదన. నాది కాదు! నా మాట రెండో సగంలో ఉంది, ఇంకా నా బల్ల మీదే ఉంది. పాస్టరుగారు చదివే ఆ మాట ఉన్న బైబిలు పత్రికలోనే, దానికి ముందు భర్తలకు చెప్పిన మాటలు మూడు రెట్లు ఉన్నాయి. దైవభయాన్నీ, యజమాని కొరడా భయాన్నీ ఒకే తక్కెడలో వేయకూడదు. అదంతా రెండో సగం. ఈ సంగతి వెంటనే సంపూర్ణకు చెప్పు. నేను కూడా విడిగా రాస్తున్నాను.

ఈ క్రియకు ఇంకో మెలిక ఉంది. గ్రీకువాడు "ఫలానాది జరుగుతుందేమోనని భయపడుతున్నాను" అనాలంటే, రాబోయేదానికి క్రియను ఒక రకంగా తిప్పుతాడు. జరిగిపోయిందని తను నమ్మినదానికి ఇంకో రకంగా తిప్పుతాడు. ఆ చిన్న మార్పును బట్టి, మాట్లాడేవాడు ఇంకా సందేహిస్తున్నాడా, మనసులో తీర్పు ఇచ్చేశాడా తెలిసిపోతుంది. నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చూశాను. మూడో ఉత్తరంలో సందేహం ఉంది. నాలుగు నుంచి తీర్పే.

ఇంత రాసి కూడా, నా మనసు సంగతి దాచను. జూన్ నుంచి సంపూర్ణ నాకు రాసినవి రెండే ఉత్తరాలు. రెండూ మూడేసి లైన్లు. "నేను బాగున్నాను, వదినగారు బాగా చూసుకుంటున్నారు." ఏమీ లేకపోతే ఇంత పొదుపుగా ఎందుకు రాస్తుంది? ఈ ప్రశ్న రాసినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. కొట్టేయడం లేదు.

సొలొమోను


గవర్నర్‌పేట
11-10-1974, శుక్రవారం
ఆరో ఉత్తరం

తమ్ముడికి,

ఆదివారం దాకా ఆగలేక రాస్తున్నాను. సంపూర్ణ సెప్టెంబరు పదో తారీఖున వెళ్ళిపోయింది. నీకు చదువు పాడవుతుందని ఇన్నాళ్ళూ రాయలేదు. రెండు రోజుల్లో తిరిగొస్తుందనీ అనుకున్నాను. ఆ రోజు నేను మోకాళ్ళకు సూది మందు వేయించుకోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి అన్నం వార్చి ఉంది, అంట్లు తోమి బోర్లించి ఉన్నాయి. క్యాలెండరులో ఆ పూట గీత కూడా ఉంది. తాళం చెవి శౌరమ్మ చేతికిచ్చి, "అమ్మకు బాగాలేదని కబురొచ్చింది" అని కొండపల్లి బస్సెక్కిందట. కబురు తెచ్చినవాణ్ణి ఈ వీధిలో ఎవరూ చూడలేదు. నీ పదిహేడో తారీఖు ఉత్తరం ఆమె వెళ్ళాక వచ్చింది. ఆమెకు నువ్వు విడిగా రాసినదీ ఇక్కడికే వచ్చింది. దాన్ని విప్పకుండా కొండపల్లికి మళ్ళించాను. రెండో సగం సంగతి అందులో ఉంటుందని ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. పదకొండో తారీఖు నుంచి నిన్నటి దాకా, సరిగ్గా ముప్ఫై రోజులు, ముక్కాలి పీట మీద కూర్చుని వంట నేనే చేశాను. అదే కుండ, అదే మూత, అదే పొత్రం. బియ్యం కూడా అదే బస్తాలోవి. కుండలో అంతకుముందున్నవి తీసి విడిగా పెట్టాను, రాహేలమ్మను కొలిచేదాకా ఆగమన్నాను. అరవై పిడికిళ్ళు. ఇవాళ పొద్దున మీ బావగారి ఎదుట కొలిచాను.

ఎనిమిది సోలలు. సోల తల కొట్టి కొలిస్తే ఎనిమిది.

మనిషి ఉంటే తగ్గింది, మనిషి వెళితే నిండింది. ఇంతకంటే రుజువు కోర్టులో కూడా అడగరు. నాకు సంతోషంగా లేదు, అది నమ్ము. కాని రేపు నువ్వు పాస్టరువై ఏ ఊరికో వెళితే, ఆ ఊరి కానుకలు నీ ఇంట్లోనే ఉంటాయి. అప్పుడు తెలిసేకంటే ఇప్పుడు తెలియడం మేలు. ఇరవై ఆరున స్త్రీల సమాజం కూడుతుంది. ఈ మూడు నెలల తగ్గుదల నా ఇంటి పేరు మీద ఉంది, అక్కడ లేచి చెప్పేస్తాను.

దానమ్మ


బెంగుళూరు
20-10-1974

అక్కయ్యా,

నీ ఆరో ఉత్తరం పట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఎటువైపు నుంచి చూసినా దాన్లో సందు దొరకలేదు.

పద్దెనిమిదో తారీఖున సంపూర్ణకు రాశాను. వెళ్ళేటప్పుడు నాకొక్క మాట ఎందుకు రాయలేదని అడిగాను. బియ్యం సంగతి అడిగాను. ఉన్నది ఉన్నట్టు చెబితే ఏమీ అననని, ఈ విషయం మళ్ళీ ఎత్తనని మాట ఇచ్చాను. చెప్పేదాకా మాత్రం మన మధ్య ఇంకే ఉత్తరమూ ఉండదని కూడా రాశాను. పెట్టెలో వేశాక ఆ చివరి మాట తీసేయాల్సిందేమో అనిపించింది.

వ్యాసం రెండో సగం అయింది. దీంతోపాటు పంపుతున్నాను. బాగా రాశాననుకుంటాను. ఇల్లు ఇలా ఉండగా అంత బాగా ఎలా రాయగలిగానో తెలియడం లేదు.

సొలొమోను


గవర్నర్‌పేట
27-10-1974, ఆదివారం
ఏడో ఉత్తరం

తమ్ముడికి,

నీ ఉత్తరం గురువారం అందింది. ఆ రోజు చదువుకుని, సరైన పని చేశావనుకున్నాను. ఇవాళ ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న స్త్రీల సమాజంలో ప్రార్థన అయ్యాక లేచాను. పేరు చెప్పలేదు. జూన్ నుంచి మా కుండ తగ్గిందనీ, కారణం దొరికిందనీ, మా ఇంట్లో మనిషి వల్ల దేవుని సొమ్ము తగ్గిందనీ అన్నాను. ఎవరో అందరికీ తెలుసు. వెనక చాప మీద నుంచి రాహేలమ్మ అడిగింది.

"అమ్మగారూ, తగ్గి ఎన్ని సోలలు వచ్చాయండీ?"

"అయిదున్నర. ఒక నెల అయిదు."

"అయితే ఏం తగ్గిందండీ? అందరికీ అంతే కదా?"

"అందరికీ అంతే ఏమిటి? అరవై పిడికిళ్ళకు ఎనిమిది రావాలి."

"పద్దెనిమిదేళ్ళుగా ఇరవై రెండు ఇళ్ళ కుండలు నెత్తిన మోస్తున్నానండీ. ఎనిమిది సోలలు వచ్చే ఇల్లు మీదొక్కటే. మిగతావన్నీ అయిదు, అయిదున్నర, ఆరు. పాస్టరమ్మగారిది నాలుగున్నర. ఆవిడకి చిన్న చెయ్యి పాపం. మీది మగచెయ్యి, దేవుడిచ్చాడు!"

ఒకరు నవ్వారు. ఆ తరవాత అందరూ నవ్వారు. "దానమ్మగారి పిడికిలి అంటే మా ఇంట్లో పూట గడుస్తుంది" అంది ఇంకొకావిడ. నేను నిలబడే ఉన్నాను. నా చెయ్యి అప్పటికి పైకెత్తి ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వచ్చి శౌరమ్మను పిలిచాను. మనిషి ఇంచుమించు సంపూర్ణంత ఉంటుంది. కారణం చెప్పకుండా అరవై పిడికిళ్ళు తీయమన్నాను. "అరవయ్యా? దానమ్మక్కా, నీకు జ్వరం తగిలిందా?" అంటూనే తీసింది. కొలిచాను. అయిదు సోలల మూడు గిద్దెలు, ఆరుకు ఒక్క గిద్దె తక్కువ. అప్పుడు కారణం చెప్పాను. శౌరమ్మ చేతులు దులుపుకుని లేచి, "నా చేతిక్కూడా దొంగతనం అంటగడతావా ఏమిటి" అని వెళ్ళిపోయింది. హాస్యానికే అంది. గుమ్మం దాటేటప్పుడు మాత్రం నవ్వు లేదు.

మీ బావగారితో అన్నాను. ఆయన పేపరు దించకుండానే, "నీ చెయ్యి పెద్దదని పెళ్ళినాడే చూశాను" అన్నారు.

"మరి ఈ అయిదు నెలలూ ఎందుకు చెప్పలేదు? మొన్న మీ ఎదుటే కొలిచాను కదా?"

"చెబుదామనే అనుకున్నాను."

"మరి?"

"నీకు చెప్పడం అంత తేలికా, దానమ్మా?"

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అనడం ఇదే మొదలు. ఆగస్టులో అర సోల ఎందుకు తగ్గిందో కూడా ఇప్పుడు తెలుస్తోంది. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాక ఆ పిల్ల పిడికిలి ఇంకా బిగుసుకుపోయి ఉంటుంది.

సంపూర్ణ ఒక్క గింజ తీయలేదు. ఇది అందగానే ఆమెకు రాయి. నీ పద్దెనిమిదో తారీఖు ఉత్తరం చించేయమని రాయి.

దానమ్మ


బెంగుళూరు
28-10-1974

అక్కయ్యా,

సంపూర్ణ జవాబు ఇవాళే వచ్చింది. ఒప్పుకుంది. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"బియ్యం నేనే తీశాను. మా అమ్మకు పంపాను. ఎన్ని సోలలో నాకు గుర్తు లేదు, వదినగారు ఎంత అంటే అంతే. క్షమించండి. నాకు ఉత్తరం రాయడం మానవద్దు."

చదివి ఏడ్చాను. బాధతో కాదు, భారం దిగినందుకు. నువ్వు చెప్పినదే నిజమైంది. నిన్ను అనుమానించినందుకు నువ్వు కూడా నన్ను క్షమించాలి. ఆమెకు వెంటనే జవాబు రాశాను. మా క్రియలో ఒక ఆజ్ఞ ఉంది, "మే ఫొబూ". భయపడకు అని. అది ఇంకా భయపడని మనిషికి ముందుగా చెప్పే జాగ్రత్త కాదనీ, ఇప్పటికే భయంలో ఉన్న మనిషితో ఇక చాలించమనడమనీ ప్రొఫెసరుగారు చెబుతారు. ఆ రెండు మాటలూ గ్రీకు అక్షరాల్లో రాసి, కింద అర్థం రాసి పంపాను. తప్పు ఒప్పుకున్న మనిషికి ఇక భయమెందుకు?

నువ్వు కూడా ఆమెను క్షమించి ఇంటికి తెచ్చుకో.

సొలొమోను


గవర్నర్‌పేట
3-11-1974, ఆదివారం
ఎనిమిదో ఉత్తరం

తమ్ముడికి,

నా ఏడో ఉత్తరం, నీ ఇరవై ఎనిమిదో తారీఖు ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు. తీయని బియ్యాన్ని ఆమె తీశానని ఎందుకు రాసిందో నీకూ అర్థమై ఉంటుంది. ఉత్తరం రాయడం మానేస్తానన్నావు. ఆమె దగ్గర నీకు ఇవ్వడానికి ఉన్నది ఆ ఒప్పుకోలు ఒక్కటే. ఇచ్చేసింది.

నిన్న కొండపల్లి వెళ్ళాను. మీ బావగారు వస్తానన్నారు, వద్దన్నాను. వాళ్ళ ఇల్లు రైలు స్టేషను వెనక రెండు గదులు. వాళ్ళమ్మకు నిజంగానే బాగాలేదు, నులకమంచం మీద ఉంది. లేవబోయింది, నేనే ఆపాను. సంపూర్ణ నన్ను చూసి ముందు కొంగు సర్దుకుంది, తరవాత నీళ్ళు తెచ్చింది. నాకు ఎదురుగా నిలబడకుండా తలుపు పక్కన నిలబడింది.

నేను వల్లెవేసుకుంటూ వెళ్ళిన మాటలన్నీ చెప్పాను. చెయ్యి సంగతి చెప్పాను. సమాజంలో రాహేలమ్మ అన్నది చెప్పాను. వచ్చే కూడికలో లేచి, తప్పు నాదని పేరు పెట్టి చెబుతానన్నాను. "నువ్వు ఒక్క గింజ ముట్టలేదు, సంపూర్ణా. తప్పు నాది" అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం ఇంకా పాలిపోయింది.

"ఆయనకు తెలుసా వదినగారూ?"

"రాశాను. అందే ఉంటుంది."

"మరి నేను తీశానని రాశాను కదండీ. ఇప్పుడు నేను అబద్ధం ఆడినట్టు అవుతుందా?"

ఏం చెప్పాలి నేను? నేను తెచ్చిన మంచి కబురు ఆమెకు కొత్త నేరమైంది. కాదని చెప్పాను. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "అలాగేనండీ" అంది. నేను పొద్దు పడమట పొడుస్తుందన్నా అలాగేనండీ అనేది.

నీ గ్రీకు కాగితం చూపించింది. పెట్టెలో చీర మడతల కింద పెట్టుకుంది. "ఇందులో ఏమైనా చేయమని చెప్పారా అండీ?" అని అడిగింది. కింద తెలుగులో అర్థం రాశావు కదా, చదవలేదా అన్నాను. "చదివానండీ. భయపడొద్దన్నారు. ఎలా మానాలో రాయలేదు" అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

వాళ్ళమ్మ మంచం మీద నుంచే, "మీరు పెద్దవారు, మీతో అనకూడదు. పోస్టుమాను గొంతు వినిపిస్తే మా పిల్ల దొడ్లోకి పోతోందండీ. మీ తమ్ముడుగారిని ఇక ఉత్తరాలు రాయొద్దనండి. రమ్మనండి" అంది. సంపూర్ణ ఆమెను ఊరుకోమని సైగ చేసింది. కాదనలేదు.

అందుకని ఇది చదివి జవాబు రాయకు. సెలవు అడుగు. ఇవ్వకపోతే అడగకుండా రా. విజయవాడలో దిగి మా ఇంటికి రాకు, తిన్నగా కొండపల్లి వెళ్ళు. వెళ్ళాక ఆమెను ఏదీ అడగకు. ఆమె ఏదన్నా చెబితే విను, చెప్పకపోతే ఊరికే కూర్చో. మూడేళ్ళూ నా దగ్గరే ఉండాలన్న మాట నేను వదిలేశాను. ఆమె ఎక్కడ ఉండాలో ఆమెనే చెప్పనివ్వు. చెప్పడానికి ఎన్నాళ్ళు పట్టినా సరే.

నీ రెండో సగం ఎత్తి రాసి పంపాను. బాగుంది. దైవభయానికీ కొరడా భయానికీ తేడా ఎక్కడుందో నువ్వు చక్కగా విడదీసి చూపించావు. భయపడుతున్న మనిషికి ఆ తేడా ఎవరు చూపిస్తారో మాత్రం అందులో లేదు.

మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళమన్నారు. చేశాను. సంపూర్ణే వడ్డించింది. దోసకాయ పప్పు, చింతకాయ పచ్చడి. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, ఆకలి మీద ఉన్నాను. అన్నం అయిపోయింది. ఇంకాస్త కావాలనిపించి తలెత్తాను. గిన్నె పట్టుకుని నా మొహమే చూస్తూ నిలబడి ఉంది, కన్ను ఆర్పకుండా. అడిగితే పెట్టేది. ఇష్టంగా పెట్టిందో, నాకు జడిసి పెట్టిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకని చాలన్నాను. ఆకలితోనే లేచి చెయ్యి కడుక్కున్నాను.

దానమ్మ